గ్యాసుబత్తి కింద ఇన్న డోలు

"ఇల్లు గమ్మునున్నది. జర ఏమన్న సప్పుడు చెయ్యి" అన్నడు మా ఆయన, మంచం మీదికెల్లి.

"ఏం సప్పుడు చెయ్యమంటవు?" అన్న.

"ఏదన్న."

గంతే. గా మాట అని గోడ దిక్కు మల్లిండు. గిన్నె మీద గరిటెతోని కొట్టాల్నా, ఏదన్న పాట అందుకోవాల్నా నాకు తోచలే. పొయ్యి మీద గంజి ఉడుకుతుంటే దించి తెద్దామని లేసిన. తెచ్చేసరికి ఆయన పానం పోయింది. మిట్ట మధ్యాహ్నం. నాంపల్లి టేసన్ల ఏదో బండి కూత పెట్టింది, గది నేను ఇన్న, ఆయన ఇనలే.

గిది ముందుగాల రాయి అని మా చెల్లె బిడ్డకు చెప్పిన. నాకు సదువు రాదు. నా పేరుల ఉన్న అక్షరాలు ఏడన్న గోడ మీద కనపడితే గుర్తు పడుత, గంతవరకే. "పెద్దమ్మా, ఏడాదంత బ్యాండు ఎంబడి తిరిగినవట గద, చెప్పు, నేను రాస్త" అని గీ పిల్లనే వచ్చి ముందట కూసున్నది. సరే అన్న. వాడకట్టు ఆడోళ్లు నా గురించి తలా ఒక తీరు చెప్పుకుంటున్నరు. ఆళ్లు చెప్పేది ఆళ్ల నోట్లనే ఉండనీ. నేను చెప్పేది కాయితం మీద ఉండనీ.

మా ఆయన బ్యాండుల పెద్ద డోలు కొట్టెటోడు. నాంపల్లి సరాయి ఎనుక గల్లీల బ్యాండు దుకాణం. పెండ్లిండ్ల దినాలు వచ్చినయంటే పొద్దూకంగ పోయేటోడు, కాళ్లు గుంజుకుంట వచ్చేటోడు. ఇంటికి వచ్చినంక గూడ చెవులల్ల డోలు మోగుతనే ఉంటుండెనట. గందుకని ఇంట్ల సప్పుడు పడకపోయేది. చెంబు కింద పెడితే వినపడొద్దు. గొళ్లెం వినపడొద్దు. గాజులు మోచెయ్యి మీదికి గుంజుకొని బువ్వ పెడుతుంటి. కాపురం చేసినన్ని ఏండ్లు గిట్లనే చేసిన. బ్యాండోని ఇల్లు అంటే అందరు ఏమనుకుంటరో గని, మా ఇల్లంత గమ్మునుండే ఇల్లు నాంపల్లిల లేకుండె.

ఊరంత ఆయన డోలు ఇన్నది. నేను ఇనలే. బ్యాండోళ్ల ఆడోళ్లు పెండ్లి బరాత్ ఎంబడి పోరు. పోతే "పెండ్లాం కావలి వచ్చిందిరో" అని తోటోళ్లు నవ్వుతరు. నాకు ఎరుకైన సప్పుడు ఒక్కటే. వానకాలం దుకాణం కురుస్తుండె. తోలు నానొద్దని డోలు ఇంటికి తెచ్చి, పొయ్యి ఎచ్చ తగిలే కాడ మేకు కొట్టి యేలాడదీసేటోడు. పొద్దుగాల లేసి ఏలుతోని ఒక్కసారి తట్టేటోడు, తోలు బిగువున్నదా సడలిందా అని. ఒక్కటే దెబ్బ. గదే నా వంతుకు వచ్చిన బ్యాండు.

ఆయన పోయినంక దినాలు కాంగనే దుకాణం కెల్లి ఉస్తాద్ వచ్చిండు. ఉస్తాద్ అంటే బ్యాండుకు పెద్ద, సన్నాయిలెక్క ఉండే పీక ఊదుతడు. సాయబు. మా ఆయనను సొంత తమ్మునిలెక్క చూసుకునెటోడు. గడపల నిలవడి లోపలికి రాలే.

"మాఫ్ చెయ్యి భాభీ. డోలు కావాలె. రేపు హిమాయత్‌నగర్‌ల షాదీ ఉన్నది."

"దుకాణపు డోలు, నన్నెందుకు అడుగుతవన్నా. తీస్కపో" అన్న.

తీస్కపోయిండు. మేకు గోడకే ఉన్నది.

నేను ఆబిడ్స్‌ల ఒక వకీలు ఇంట్ల బోళ్లు తోముత. మల్ల గా పనికే పోయిన. చేతులకు గాజుల్లేవు, ఇప్పుడు ఎంత గట్టిగ తోమినా నా చేతులు సప్పుడు చెయ్యవు. ఇంటికి వస్తే గూడ గంతే. ముందుగాల ఆయన కోసం గమ్మునుంటుండె ఇల్లు. ఇప్పుడు ఎవ్వలి కోసం గమ్మునున్నదో నాకు సమజ్ కాలే.

ఒకనాడు బోళ్లు తోమి, దీపాలు పెట్టే యాళ్ల ఆబిడ్స్ సడక్ మీదికి వచ్చిన. ఏదో బరాత్ పోతున్నది. జనం ఎనుకకెల్లి డోలు వినపడ్డది. ఏలుతోని తట్టంగ ఇన్న డోలే, ఇప్పుడు కట్టెతోని కొడుతున్నరు. మనిషి గొంతు గుర్తు పట్టినట్టు పట్టిన. నేను పోవాల్సింది ఒక దిక్కు, కాళ్లు పోయింది ఇంకో దిక్కు. ఎంబడి పడి నడిచిన.

బరాత్‌కు రెండు పక్కల గ్యాసుబత్తులు నెత్తిన పెట్టుకొని ఆడకూలోళ్లు నడుస్తరు. గందుల ఒక ముసలామె నన్ను చూసింది. మెడ తిప్పరాదు గద నెత్తిన బత్తి ఉంటే, కండ్లు తిప్పి చూసింది.

"ఏందే, ఇంత దూరం ఎంబడి వస్తున్నవు? పెండ్లికొడుకును లేపుకపోతవా ఏంది?"

"డోలు ఇంటున్ననే అక్కా."

"ఊకె ఇంటున్నవా? ఓసి పిచ్చిదానా! నెత్తిన బత్తి పెట్టుకొని ఇను, కూలన్న వస్తది."

"మొగడు లేనిదాన్ని. పెండ్లిల నన్నెవలు నడవనిస్తరు?"

"బత్తి కింద మొఖం ఎవనికి కనపడ్డదే? ఎలుగు ఊరందరికి, చీకటి మనకు. రేపు దుకాణం కాడికి రా."

పోయిన. బత్తుల దుకాణమాయన నా దిక్కు పైనకెల్లి కింది దాక చూసి, కొంగు నొసలు మీదికి గుంజుకొమ్మన్నడు. పెండ్లోళ్ల గడప తొక్కొద్దు, ఎవలన్న పలకరిస్తే నోరు తెరవొద్దు అన్నడు. అన్నిటికి ఔ అన్న.

"జర నన్ను పెద్ద డోలు పక్కకు పెట్టు సేటూ" అని అడిగిన.

"అందరు పెండ్లికొడుకు పక్కకు పెట్టుమంటరు, మిఠాయి దొరుకుతదని. నువ్వేందమ్మా చెవులు పోగొట్టుకుంటనంటవు?" అని నవ్విండు గని, పెట్టిండు.

బత్తి మోసుడు అంటే అల్కగ ఉంటదనుకోకు. నెత్తి మీద సుట్టబట్ట, దాని మీద బత్తి. చేతులు రెండు పైకి లేపి పట్టాలె. మాడు కాలుతది. గ్యాసునూనె వాసన ఎంటికలకు పట్టుకుంటది. ఎలుగుకు వచ్చిన పురుగులు రెక్కలు కాలి మెడ మీద, రైకల పడుతయి, తీసేసుకుందామంటే చెయ్యి కాళీ ఉండదు. పొద్దంత బోళ్లు, పొద్దూకితే బత్తి. ఇల్లు చేరినంక పీట మీద కూసొని చేతుల దిక్కు చూసుకుంట ఉంటుంటి, గవి నావి కానట్టు.

అయినా పోయిన. ఎందుకంటే చెప్త.

ఆబిడ్స్ దాటి నాంపల్లి దిక్కు మల్లినంక సడక్ మీద ఒక మసీదు ఉన్నది. నేను బత్తి పట్టిన మొదటి దినం గాడికి రాంగనే ఉస్తాద్ పీక నోట్లకెల్లి తీసి చెయ్యి లేపిండు. బ్యాండు మొత్తం బంద్. మసీదు ముందట బాజా కొట్టొద్దని ఎనుకట కట్టడి ఉండె. పోలీసు యాక్షన్ అయినంక గా కట్టడి లేదంటరు. తర్వాత ఒకపారి ఉస్తాద్‌ను అడిగితే, "కట్టడి పోయింది భాభీ, అలవాటు పోలే. మీ ఆయన గూడ ఆపుతుండె" అన్నడు.

అంతసేపు మోగి ఒక్కసారి ఆగితే ఎట్లుంటదో ఎరుకనా? అప్పటి దాక లేని సప్పుడులన్ని బయటికి వస్తయి. చెప్పుల సప్పుడు. గుర్రం ముక్కు చీదుడు. బత్తులల్ల గాలి బుస్సుమనుడు. ఎవరిదో దగ్గు. మసీదు గోడ పొడుగూత గట్లనే నడిచినం. గోడ అయిపోంగనే ముందుగాల పెద్ద డోలు ఒక్కటే మోగాలె. గదాన్ని పట్టుకొని తక్కినోళ్లు అందుకోవాలె. గా బ్యాండుకు గదే పద్ధతి.

మా ఆయన జాగల వచ్చిన కొత్తాయన ధనామని ఒక్కటి కొట్టిండు. నా పక్కటెముకలల్ల తగిలింది. బత్తి ఊగింది.

బరాత్ అయినంక ఉస్తాద్ నా కాడికి వచ్చిండు. నేను బత్తి మోస్తున్నందుకు ఏమన్న అంటడేమో అనుకున్న. ఏమనలే. చాయ్ తాగుకుంట అన్నడు, "మంచిగనే కొడుతడు భాభీ కొత్తాయన. గని మీ ఆయన గట్ల మీద పడి కొట్టకపోయేది. గోడ అయిపోంగనే ముందుగాల ఒకటి మెల్లగ. పండుకున్న పిల్లను తట్టి లేపినట్టు. దాని ఎనుక అసలు దెబ్బ. గా మెల్లగది పక్కన నడిచేటోళ్లకే వినపడేది. మాకు ఒళ్లు జల్లుమనేది."

ఇన్నేండ్లు ఒక్క గోడ నీడకు బతికిన, గా సంగతి నాకు ఉస్తాద్ చెప్పాల్సి వచ్చింది. సప్పుడు చెయ్యకు అని నన్ను అదిలించే మనిషి, గంత మెల్లగ కొడుతుండెనా?

"కొత్తాయనకు నేర్పరాదు అన్నా" అన్న.

"చెప్తున్న. నోటితోని చెప్తే చేతికి ఎక్కుతదా? చూద్దాం."

గప్పటికెల్లి నాకు గదే ఒక్క ఫికర్. కొత్తాయన ఏనాడో ఒకనాడు గా మెల్లటి దెబ్బ కొడుతడు, గా దినం నేను డోలు పక్కన ఉండాలె. గందుకే బత్తి మోసిన. కూలి కోసమని వాడకట్టోళ్లు అంటరు, సిగ్గు లేక అని గూడ అంటరు. కూలి వద్దనలే నేను. గని గందుకు కాదు.

ఏడాదిల ఎన్ని తీర్ల బాజాలు ఇన్న! సాయబుల పెండ్లిండ్లల్ల బత్తులు ముట్టించక ముందు ఆకిట్ల కూసుంటుంటిమి. లోపల పరదా ఎనుక ఆడోళ్లు డోలక్ పెట్టుకొని పాడేటోళ్లు. మాటలు సగం తెలిసేటియి కాదు. నడుమ నడుమ అత్తను తిట్టేటోళ్లని మాత్రం తెలిసేది, ఎందుకంటే అందరు ఒక్కసారే నవ్వేటోళ్లు. ముసలామె గూడ బయట కూసొని నవ్వేది. "నీకేం సమజైందే?" అంటే, "అత్తను తిట్టుడు ఏ భాషలనన్న ఒక్కటే" అనేది. గాడ నేను మొగడు లేనిదాన్నని ఎవలు అడగలే. ఒకామె పరదా పక్కకు జరిపి మాకు షర్బత్ ఇచ్చింది.

దర్గాల సందల్, గదే గంధం ఊరేగింపుకు బత్తి పట్టిన. గాడ ఖవ్వాలి పాడేటాయన ఒక్క మాట పట్టుకొని తిప్పి తిప్పి గదే అంటున్నడు. నాకు నిద్ర కమ్ముకొచ్చి, నిలవడే కన్నంటుకున్నది. నమాయిష్ జాతర దినాలల్ల బ్యాండును గాడికి పిలిపించిన్రు. అన్ని దుకాణాలు ఒక్కసారే రికార్డులు పెడితే ఉస్తాద్ పీక ఉస్తాద్‌కే వినపడలే. బతుకమ్మ దినాలల్ల మాత్రం బయటికి పోలే. మా గల్లీలనే ఆడినరు. నేను తలుపు దగ్గరికి ఏసుకొని, సందులకెల్లి చప్పట్లు ఇన్న.

ఎన్ని ఇన్నా, నా చెవు మసీదు గోడ అయిపోయే కాడనే. ప్రతిపారి కొత్తాయన నా దిక్కు చూసేటోడు. ఉస్తాద్ నా సంగతి చెప్పినట్టుండె. కొట్టేటోడు, తల అడ్డంగ ఊపేటోడు. కాలేదక్కా అన్నట్టు. ఒకపారి మెల్లగ కొట్టబోతే తోలు అసలే మోగలే, బ్యాండు మొత్తం తడబడ్డది, పెండ్లోళ్లు తిట్టిన్రు. అయినా ఆయన ఇడిసిపెట్టలే. నేను గూడ.

ఎండకాలం ఆబిడ్స్‌ల ఒక పెద్ద యాపారి ఇంట్ల పెండ్లి అయింది. పిల్లను తోలుకొని నాంపల్లికి బరాత్ పోవాలె. గా ఇంటి ముందట బత్తులు నెత్తిన పెట్టుకొని వరుసగ నిలవడ్డం. నా పక్కకు డోలు. ఎండలు గట్టిగున్నయి గద, తోలు మంచి బిగువు మీదున్నది. కొత్తాయన నా దిక్కు ఒంగి, "గీపారి చెయ్యి మంచిగున్నదక్కా" అన్నడు.

గంతల పెండ్లోళ్ల ఆడపిల్ల ఒకామె, కొత్త కోడలో ఏమో, కుంకుమ భరిణె పట్టుకొని బయటికి వచ్చింది. బరాత్‌ల నడిచే ముత్తైదువలకు బొట్టు పెట్టుకుంట వస్తున్నది. ఆళ్ల ఇంటి ఆనవాయితీనట. పెద్దింటోళ్లకు పెట్టింది, చుట్టాలకు పెట్టింది. ఇంగ లోపలికి పోతదనుకున్న. పోలే. పిల్ల మంచిది. మేము గూడ ఆడోళ్లమే గద అనుకున్నది. ముసలామెకు పెట్టింది. దాని ఎనుక నా ముందటికి వచ్చింది.

బత్తి ఎలుగు ఆమె మొఖం మీద పడ్డది. నా మొఖం చీకట్ల ఉన్నది. చేతులు రెండు బత్తి మీద. వద్దమ్మా అంటే ఎందుకు వద్దు అంటది. చెప్తే పెండ్లి ఇంటి ముందట గా మాట అనాలె. ఎనుకకు జరుగుదామంటే డోలు. నేను గమ్మునున్న. ఆమె కొంగు జర పైకి జరిపి, నా నొసట బొట్టు పెట్టింది. ఏలు సల్లగున్నది.

కొత్తాయన కట్టె పట్టుకొని అట్లనే నిలవడ్డడు. ముసలామె "శివ శివా" అన్నది.

ఏం కాకపోయేది. గని గా పెండ్లికి మా వకీలమ్మ వచ్చింది. మెట్లు దిగుకుంట నన్ను చూసింది. ఆమెకు నా నడుము, నా నిలవడే తీరు ఎరుకే, రోజు చూస్తది గద.

"ఏమే, నువ్వా?" అన్నది. నొసలు చూసింది. "అయ్యో రామ! గదేందే! మొగడు పోయి ఏడాదన్న కాలేదు గదే!"

కావాల్నని అనలే ఆమె. నోట్లకెల్లి జారింది. గని అందరు ఇన్నరు. బొట్టు పెట్టిన పిల్ల భరిణె కొంగుల దాసుకున్నది. పెండ్లోళ్ల అవ్వ ఎవలో లోపలికెల్లి శాపెనలు పెడుతున్నది. ఇద్దరు మొగోళ్లు వచ్చి నా నెత్తి మీది బత్తి దించిన్రు. కొట్టలే, తిట్టలే. బత్తి పడకుంట పైలంగ దించిన్రు, నా దిక్కు మాత్రం చూడలే.

ఉస్తాద్ పీక అందుకున్నడు. లొల్లి మీద బాజా కప్పిండు. బరాత్ కదిలింది. డోలు పక్కన బత్తి లేదు, కొత్తాయన చీకట్ల నడుచుకుంట పోయిండు.

నేను సడక్ మీద నిలవడ్డ. డోలు దూరం పోతనే ఉన్నది. ఎంబడి పోవాలనే ఉండె, కాళ్లు రాలే. జరసేపటికి బాజా ఆగింది. మసీదు కాడికి చేరిన్రు అనుకున్న. చెవు గట్టనే పెట్టిన. ధనామని ఒకటి వినపడ్డది. దానికి ముందుగాల ఏమన్న ఉండెనా? గంత దూరం మెల్లటి దెబ్బ ఎట్ల వస్తది? మల్ల బాజా అందుకున్నరు. గంతే.

పని అయినంక ముసలామె నన్ను ఎతుక్కుంట వచ్చింది. నేను ఒక దుకాణం మెట్ల మీద కూసున్న.

"ఇంక గా బొట్టుతోనే ఉన్నవా? తుడుసుకోరాదే!"

"చేతులు లేస్తలేవే అక్కా."

నిజంగనే లేస్తలేవు. ఆమెనే నా కొంగు పట్టుకొని తుడవబోయింది. అప్పటికే చెమటకు సగం కారిపోయింది. మిగిలిన సగం తుడుసుకుంట, "నీ ఇంట్ల కోడి కూయ, చెప్తే నేనన్న అడ్డం నిలవడకపోదునా" అని తిట్టింది. తిట్టి ఏడ్చింది. నాకు ఏడుపు రాలే, నిద్ర వచ్చింది.

తెల్లారి బత్తుల దుకాణమాయన ఇంగ రావొద్దన్నడు. సాయబుల పెండ్లిండ్లకన్న రానీ అన్న. "పేరు పడ్డదమ్మా. నా బత్తులు ఎవలు తీస్కపోతరు?" అన్నడు. ఆయన చెప్పేది గూడ అబద్ధం కాదు. వకీలమ్మ మాత్రం పని ఇడిసిపెట్టుమనలే. గా పెండ్లి లడ్డూలు రెండు ఆకుల చుట్టి, మొఖం పక్కకు పెట్టుకొని నా చేతిల పెట్టింది.

మొన్న ఆయనకు ఏడాదిది చేసినం. ఉస్తాద్ వచ్చిండు. ఈపారి లోపలికి వచ్చి కూసున్నడు. బువ్వ తిన్నడు. చెయ్యి కడుక్కున్నంక అన్నడు:

"భాభీ, గా దినం కొట్టిండు."

"ఏ దినం?"

"నీ నెత్తి మీది బత్తి దించిన దినం. గోడ అయిపోంగనే కొట్టిండు. ముందుగాల మెల్లగ, ఎనుక అసలుది. తమ్ముడే లేసి వచ్చినట్టు. కొట్టి, నువ్వు ఇన్నవా అని పక్కకు చూసిండు. చీకటి ఉన్నది."

నేను ఆయన ముందటి ఎంగిలి ఆకు మడిసిన.

"మల్ల కొట్టిండా?" అన్న.

"లేదు. తర్వాత చెయ్యి పోలే. అప్పుడెట్ల పోయిందో ఆయనకే తెల్వదంటున్నడు."

నేను తల ఒంచుకొని కూసునే ఉన్న. ఉస్తాద్ చూడలేకపోయిండు. లేసి తలుపు చెక్క కాడికి పోయి, "ఇను భాభీ, గిట్ల" అని ఏళ్లతోని తట్టిండు. ఆగిండు. "కాదు. గిట్ల." మల్ల తట్టిండు. జరసేపు చెక్క మీద చెయ్యి పెట్టుకొని నిలవడ్డడు. "కాదు భాభీ. నా చెయ్యి ఊదేటోని చెయ్యి. మాఫ్ చెయ్యి" అని చెప్పులు తొడుక్కున్నడు.

ఆయన పోయినంక గూడ నేను తలుపు దిక్కే చూసిన. రెండు తీర్లు తట్టిండు, రెండు కాదన్నడు. గీ రెండు కానిది ఏదో, గదే మా ఆయనది. గంత దాక ఎరుకైంది.

ఇప్పుడు పొద్దూకితే నాకు పని లేదు. చేతులు ఇంక నొస్తనే ఉన్నయి. పెండ్లిండ్ల దినాలు అయిపోయినయి, సడక్ మీద గూడ ఏం వినపడుతలేదు. టేసన్ బండ్లు తప్ప.

రాసుడు అయిందా బిడ్డా? కలం పక్కకు పెట్టు. ఏదీ, మొదటికెల్లి సదువు, నేను ఇంట. గట్ల లోలోపల గొణుక్కోకు, గట్టిగ సదువు. ఇల్లు గమ్మునున్నది.